ఒకే టేబుల్, ఒకే కుర్చీ... ఆయనకు లేని నొప్పి నాకెందుకు?

ప్రశ్న: నా వయసు 36. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఏడాదిన్నరగా ఇంటి నుంచే పని చేస్తున్నాను. రోజుకు 8, 9 గంటలు ల్యాప్‌టాప్ ముందే. మూడు నెలలుగా కుడి మణికట్టు లాగుతోంది. సాయంత్రానికి మెడ, కుడి భుజం పట్టేస్తున్నాయి. ఈ మధ్య అర్ధరాత్రి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. చెయ్యి విదిలించుకుంటే తగ్గుతుంది. మణికట్టుకు సాగే పట్టీ ఒకటి కొని రోజంతా కట్టుకుంటున్నాను కానీ టైప్ చేస్తుంటే బాధ ఇంకా ఎక్కువైంది. నా పని అయ్యాక మా వారు అదే టేబుల్ దగ్గర, అదే కుర్చీలో కూర్చుని నాలుగైదు గంటలు పని చేసుకుంటారు. ఆయనకు ఏ నొప్పీ లేదు. ‘నీకు కూర్చోవడం రాదు’ అంటారు. ఆయన ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. మంచి ఎర్గోనామిక్ కుర్చీ కొందామనుకుంటున్నాను. ఎలాంటిది కొనమంటారు?
- ఒక పాఠకురాలు

సమాధానం: కుర్చీ సంగతి చివర్లో చూద్దాం. అప్పటిదాకా డబ్బు జేబులోనే ఉంచండి. మీ ఉత్తరంలో కుర్చీ కంటే ముందు పట్టించుకోవాల్సింది రాత్రిపూట వచ్చే ఆ తిమ్మిరి.

అరచెయ్యి మొదలయ్యే చోట ఎముకలకూ, వాటి మీద అడ్డంగా ఉండే ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. దాని పేరే కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), వాటితో పాటు మీడియన్ అనే నరం ఆ ఇరుకులోంచే అరచేతిలోకి వెళ్లాలి. టెండన్ల చుట్టూ ఉన్న పొర కాస్త వాచినా, మణికట్టు ఎక్కువసేపు వంగి ఉన్నా లోపల ఒత్తిడి పెరుగుతుంది. గట్టిగా ఉండే టెండన్లకు ఏమీ కాదు, మెత్తగా ఉండే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలులో సగం - వీటికి స్పర్శ ఆ నరం నుంచే అందుతుంది. మీరు చెప్పిన వేళ్లు అవే. నిద్రలో తెలియకుండా మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి రాత్రిళ్లే ఎక్కువ ఇబ్బంది. చెయ్యి విదిలిస్తే తగ్గడం కూడా ఈ సమస్యలో బాగా తెలిసిన గుర్తు. అదే చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందని రాసి ఉంటే, మణికట్టును వదిలేసి, మోచెయ్యి టేబుల్ అంచుకు ఆనించి కూర్చుంటున్నారా అని అడిగేవాణ్ని. చిటికెన వేలికి వెళ్లే నరం మోచేతి లోపలి వైపు నుంచి వెళ్తుంది మరి.

ఉత్తరం చూసి రోగం ఇదేనని తేల్చడం నా పని కాదు. అందుకే ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. ఈ సమస్యకు కంప్యూటర్ ఒక్కటే కారణం కానక్కర్లేదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా కార్పల్ టన్నెల్‌లో నరం నలిగే అవకాశం పెరుగుతుంది. డాక్టర్ రక్త పరీక్షలు రాయవచ్చు, అవసరమనుకుంటే నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష కూడా చేయించవచ్చు. చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, బొటనవేలి కింద కండ పలచబడినట్టు కనిపించినా వారం కూడా ఆగొద్దు. నరం అప్పటికే బలహీనపడిందని అర్థం.

ఇక ఆ సాగే పట్టీ. పగలు దాన్ని కట్టుకుని పని చేస్తున్నారంటే, అసలే ఇరుకుగా ఉన్న దారిని పైనుంచి ఇంకాస్త నొక్కుతున్నారన్నమాట. పైగా మణికట్టు కదలడానికి వీల్లేకపోతే ఆ పనంతా మోచెయ్యీ భుజమూ చెయ్యాల్సి వస్తుంది. ఈ రోజే తీసేయండి. దీనికి వాడేది వేరే ఉంది, స్ప్లింట్ అంటారు. లోపల గట్టి పలక ఉండి మణికట్టును తిన్నగా ఉంచుతుంది, బిగుతుగా పట్టదు. అది వేసుకోవాల్సింది రాత్రి, పడుకునేటప్పుడు. కొన్ని వారాలు వాడితే చాలామందికి రాత్రి మెలకువలు తగ్గుతాయి. డాక్టర్‌ను అడిగి మీ చేతి సైజుకు సరిపోయేది తీసుకోండి.

ఇప్పుడు మీ వారి మాటకు వద్దాం. మీకు కూర్చోవడం వచ్చు. ఆ టేబుల్ మీ కొలతకు చేసింది కాదు, అంతే.

ఒక కొలత టేపు తీసుకోండి. చెప్పులు లేకుండా, పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత తక్కువ ఎత్తు కుర్చీలోనో పీట మీదో కూర్చోండి. భుజాలు వదులుగా వేలాడేసి, మోచేతులు పక్కలకు ఆనించి, ముంజేతులు నేలకు సమాంతరంగా పెట్టండి. నేల నుంచి మోచెయ్యి అడుగు వరకూ ఎంత ఉందో కొలవండి. మీ ఎత్తు వాళ్లకు అది 60 నుంచి 63 సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు టేబుల్ పైభాగం ఎంత ఎత్తులో ఉందో చూడండి. మామూలు టేబుళ్లు 72 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటాయి. దాని మీద ల్యాప్‌టాప్ మందం కూడా కలుపుకోవాలి. అంటే మీ చేతులు ఉండాల్సిన చోటుకి కనీసం పది పన్నెండు సెంటీమీటర్ల పైన మీ కీబోర్డు ఉంది! మీ వారికి ఇదే కొలత 68, 70 దాకా వస్తుంది. కుర్చీ కాస్త పైకి లేపుకుంటే ఆయనకు సరిపోతుంది, పాదాలు కూడా నేల వదలవు.

టేబుల్ పైన ఉండి చేతులు కింద ఉంటే శరీరం ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీ భుజాలు పైకి లేపుకుని పని చేస్తున్నారు. చెవుల వైపు ఒక సెంటీమీటరు లేపి ఉంచినా మెడ నుంచి భుజానికి వెళ్లే కండరం రోజంతా బిగిసే ఉంటుంది. మణికట్టేమో తిన్నగా ఉండకుండా వంగి ఉంటుంది. సాయంత్రానికి మెడ పట్టేయడానికీ, రాత్రి వేళ్లు తిమ్మిరెక్కడానికీ మూలం ఒకటే కావచ్చునని నేను అనుకోవడానికి కారణం ఇదే.

అందుకే పొట్టివాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే మాట: సర్దుకోవడం నేల నుంచి మొదలుపెట్టకండి, మోచేతి నుంచి మొదలుపెట్టండి. ‘పాదాలు నేలకు ఆనాలి’ అన్న సలహా ఎక్కడ చూసినా మొదటి వరసలోనే ఉంటుంది. దాన్ని పాటించబోయి మీలాంటి వాళ్లు కుర్చీ కిందికి దించేసుకుంటారు. పాదాలు హాయిగా ఉంటాయి, భుజాలు దెబ్బతింటాయి. టేబుల్ ఎత్తు మార్చే వీల్లేనప్పుడు కుర్చీనే పైకి తేవాలి. మోచెయ్యి కీబోర్డుకు సమంగానో, ఒక వేలు మందం పైకో వచ్చేదాకా లేపండి. అప్పుడు కాళ్లు వేలాడతాయి. వేలాడనివ్వకూడదు, తొడల కింద సీటు అంచు నొక్కుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకని నేలనే పైకి తేవాలి. ఫుట్‌రెస్ట్ కొనక్కర్లేదు. ప్రింటర్ కాగితాల రీము, అంటే 500 కాగితాల కట్ట, సుమారు 5 సెంటీమీటర్ల మందం ఉంటుంది. అలాంటివి రెండు పక్కపక్కన, వాటి మీద ఇంకో రెండు పెట్టి టేపు చుట్టేస్తే 10 సెంటీమీటర్ల పీట తయారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నారు. జారకుండా కింద ఓ గరుకు పట్టా వేసుకోండి, చాలు.

మీ కుర్చీ ఎత్తు మార్చే వీలు లేనిదైతే గట్టి దిండు వేసుకోండి. మెత్తటిది వద్దు, అరగంటలో అణిగిపోయి మళ్లీ మొదటికే వస్తుంది.

టేబుల్ ఇద్దరిదీ కాబట్టి ఒక చిన్న ఉపాయం. కుర్చీ మీకు సరైన ఎత్తులో ఉన్నప్పుడు, సీటు ఎక్కడిదాకా వచ్చిందో టేబుల్ కాలి మీద పెన్సిల్‌తో గీత గీయండి. ఆయన గీత వేరే. రోజూ మారినప్పుడల్లా కొలుచుకోవాలంటే మూడో రోజుకే విసుగొచ్చి ఇద్దరూ మానేస్తారు. గీత ఉంటే క్షణంలో పని.

తర్వాత ల్యాప్‌టాప్. దీని గురించి కాస్త కటువుగానే చెప్తాను. సంచిలో పెట్టుకుని తిరగడానికి చేసిన వస్తువు ఇది, రోజుకు తొమ్మిది గంటలు దాని ముందు కూర్చోవడానికి కాదు. స్క్రీనూ కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కీబోర్డు చేతులకు సరిపోయే ఎత్తులో పెడితే స్క్రీను ఒళ్లోకి చూసినట్టు కిందికి ఉంటుంది. స్క్రీను కళ్లకు సరిపోయేలా లేపితే కీబోర్డు గడ్డం దాకా వస్తుంది. ఏ కుర్చీ కొన్నా ఈ చిక్కు విడిపోదు. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. అది భుజాల మీద నిలువుగా ఉన్నంతసేపు మోయడం తేలికే. ముందుకు వాలేకొద్దీ పడిపోకుండా పట్టి ఉంచాల్సింది మెడ వెనక కండరాలే. ఈ విషయంలో మీ వారు కూడా తప్పించుకోలేరు. పొడుగు మనిషి అదే స్క్రీను చూడాలంటే మీకన్నా ఎక్కువ వంగాలి. ఆయనకు ఇంకా నొప్పి రాలేదంతే. ఆ సంగతి నా మాటగా చెప్పండి.

విడి కీబోర్డు, విడి మౌస్ తీసుకోండి. మీరు కొనాల్సింది మొదట ఇవే. ల్యాప్‌టాప్‌ను లావుపాటి పుస్తకాల దొంతర మీద పెట్టి, స్క్రీను పై అంచు మీ కంటికి సమంగానో, కాస్త కిందికో వచ్చేలా చూడండి. కుర్చీ లేపిన తర్వాతే ఈ కొలత చూసుకోవాలి, ముందు చూస్తే మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. దూరం చెయ్యి చాపితే వేళ్లు తగిలేంత. అంత దూరంలో అక్షరాలు కనపడకపోతే మెడ ముందుకు చాపకండి, అక్షరాల సైజు పెంచండి. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దాలు వాడేవాళ్లకు మాత్రం ఈ లెక్క వేరు. వాళ్లు అద్దం కింది భాగంలోంచి చూడటానికి తల వెనక్కి ఎత్తుతారు. స్క్రీను ఇంకా కిందికి దించుకోవాలి. మీకు 36 కాబట్టి ప్రస్తుతానికి ఈ గొడవ ఉండకపోవచ్చు. కిటికీ మీ ఎదురుగానో వెనకగానో కాకుండా పక్కన ఉండేలా టేబుల్ తిప్పుకుంటే కళ్లకు మంచిది.

మీ కుడి భుజం విషయంలో నా అనుమానం మౌస్ మీద. మామూలు కీబోర్డుకు కుడి చివర అంకెల భాగం ఒకటి ఉంటుంది. అది ఉన్నంత మేరా మౌస్ అవతలికి జరిగిపోతుంది, దాన్ని అందుకోవడానికి చెయ్యి పక్కకు చాపాలి. రోజంతా చెయ్యి అలా గాల్లో చాపి ఉంచడం భుజానికి ఎంత బరువో ఒక్క ఐదు నిమిషాలు ఊరికే చాపి చూస్తే తెలుస్తుంది. అంకెలతో పని లేకపోతే ఆ భాగం లేని చిన్న కీబోర్డు తీసుకోండి. ఆ భాగం ఉన్న కీబోర్డే వాడాలంటే, ‘జి’, ‘హెచ్’ మీటల మధ్య గీత మీ బొడ్డుకు ఎదురుగా వచ్చేలా పెట్టుకోండి. చాలామంది కీబోర్డు మొత్తాన్ని మధ్యలో పెట్టి, అక్షరాల కోసం ఎడమ వైపుకి తిరిగి కూర్చుంటారు. కీబోర్డు వెనక లేపుకోవడానికి రెండు చిన్న కాళ్లు ఉంటాయి, వాటిని మడిచేయండి. అవి లేపితే మణికట్టు ఇంకా వెనక్కి వంగుతుంది. అవి ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ నచ్చని విషయం.

కీబోర్డు ముందు పెట్టుకునే మెత్తటి దిండు టైప్ చేసేటప్పుడు ఆనించడానికి కాదు. ఆగి ఆలోచించేటప్పుడు అరచెయ్యి ఆనించుకోవచ్చు. మణికట్టును దాని మీద పెట్టి టైప్ చేస్తే అదే ఇరుకు దారి మీద మళ్లీ ఒత్తిడి.

మౌస్‌ను గట్టిగా పట్టుకోవడం, మీటలను కొట్టినట్టు నొక్కడం - టెన్షన్‌లో ఉన్నప్పుడు అందరం చేస్తాం. మీ ఇంట్లో మీరు టైప్ చేసే చప్పుడు పక్క గదికి వినిపిస్తోందా అని అడగండి. వినిపిస్తోందంటే అవసరానికి మించిన బలం పెడుతున్నారని అర్థం. సెట్టింగ్స్‌లో మౌస్ బాణం వేగం పెంచితే తక్కువ కదలికతో పనైపోతుంది. కాపీ, పేస్టు లాంటి రోజూ వందసార్లు చేసే పనులకు కీబోర్డు షార్ట్‌కట్లు వాడండి. వీలైతే మౌస్‌ను కొన్నాళ్లు ఎడమ చేతికి మార్చండి. మొదటి వారం మీ మీద మీకే కోపం వస్తుంది, పలక మీద కొత్తగా అక్షరాలు దిద్దినట్టు ఉంటుంది. రెండో వారానికి అలవాటవుతుంది. కుడి చేతికి దొరికే విశ్రాంతి ముందు ఆ చిరాకు పెద్ద లెక్క కాదు.

ఇవన్నీ చేసినా, చెక్కిన బొమ్మలా మూడు గంటలు కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. బెర్నార్డినో రమజ్జీని అనే ఇటలీ వైద్యుడు మూడు వందల ఏళ్ల కిందటే, కలంతో రోజంతా లెక్కలు రాసే గుమస్తాల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: అదేపనిగా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరులో కదలడం, తప్పు రాకూడదని మనసు బిగబట్టి ఉండటం. కంప్యూటర్ లేని కాలం అది! మీ ఉత్తరం ఆయనకు అంది ఉంటే ఇదే సమాధానం రాసేవాడేమో.

అరగంటకోసారి లేవండి. రెండు నిమిషాలు చాలు. ఫోన్‌లో అలారం పెట్టుకోమని చెప్పను, రెండు రోజుల్లో చూడకుండానే దాన్ని ఆపేయడం వేళ్లకు అలవాటైపోతుంది. పనినే అడ్డం పెట్టుకోండి. ఫోన్ వస్తే లేచి నిలబడి మాట్లాడటం, నీళ్లకు పెద్ద సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకోవడం, ప్రింటర్‌ను చేతికి అందని చోటుకు జరపడం. లేచినప్పుడు భుజాలు గుండ్రంగా తిప్పండి, వేళ్లు పూర్తిగా చాపి వదలండి. నొప్పి పుట్టేదాకా మణికట్టు సాగదీసే వ్యాయామాలు మాత్రం, నరం సంగతి తేలేదాకా సొంతంగా చెయ్యకండి. కళ్లకు కూడా ఇలాంటి విరామమే కావాలి. స్క్రీను చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం బాగా తగ్గిపోతుంది. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదేదో 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్తుంటారు.

నిలబడి పని చేసే టేబుల్ గురించి మీరు అడగలేదు కానీ అడగబోతారని తెలుసు. రోజంతా నిలబడితే నొప్పి నడుము నుంచి కాళ్లకు, మడమలకు మారుతుంది. కాసేపు కూర్చుని కాసేపు నిలబడటానికైతే బాగుంటుంది. ముందు పైవన్నీ చేశాక ఆలోచించండి.

ఇక కుర్చీ. మూడు వారాల తర్వాత కూడా కొనాలనిపిస్తే ‘ఎర్గోనామిక్’ అన్న మాట చూసి కొనకండి, అది ఎవరైనా అంటించగలిగే చీటీ. మీ ఎత్తువాళ్లకు మొదట చూడాల్సింది సీటు లోతు. వీపు పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చుంటే సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పెద్ద కుర్చీల్లో అది పట్టదు. సీటు అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంది కాబట్టి మనిషి ముందుకు జరిగి అంచున కూర్చుంటుంది, ఆ ఖరీదైన వీపు పట్టీ ఎక్కడో వెనక మిగిలిపోతుంది. మీరిప్పుడు కూర్చునేది అలాగేనని నాకు అనుమానం. అవునైతే వీపు వెనక ఓ దిండు పెట్టి చూడండి, కొనే అవసరం అక్కడే తీరిపోవచ్చు. సీటు ముందుకు వెనక్కి జరిగే కుర్చీ దొరికితే ఇద్దరికీ పనికొస్తుంది. చేతులు ఆనించుకునే భాగాలు టేబుల్ కిందికి దూరేంతగా కిందికి దిగాలి, లేకపోతే అవి టేబుల్ అంచుకు తగిలి మిమ్మల్ని కీబోర్డుకు దూరంగా ఆపేస్తాయి. వీపు కాస్త వెనక్కి వాలాలి. సైనికుడిలా నిటారుగా కూర్చోవడం ఎవరివల్లా అరగంటకు మించి కాదు. సుమారు 100 నుంచి 110 డిగ్రీల కోణంలో వాలి కూర్చుంటే నడుముకు హాయి.

దుకాణంలో కూర్చుని చూసేటప్పుడు రెండు నిమిషాల్లో లేచి వచ్చేయకండి. ఓ పావుగంట కూర్చుని, ఎదురుగా టేబుల్ ఉంటే చేతులు పెట్టి, మోచేతులు ఎక్కడ ఉన్నాయో చూసుకోండి. మీ వారిని కూడా తీసుకెళ్లి, ఆ సీటు లోతులో ఆయన కాళ్లు ఎక్కడికి వస్తాయో, మీ కాళ్లు ఎక్కడికి వస్తాయో పక్కన నిలబడి చూడమనండి.